గడ్డి నుంచి గ్యాసు సరే.. నీళ్ల లెక్క ఏది?

మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతం. ఈమధ్య మా బావమరిది ఫోన్ చేసి, ‘బావా, మన మెట్ట చేను గ్యాస్ ప్లాంటు గడ్డికి కౌలుకిద్దామా?’ అని అడిగాడు. వానను నమ్ముకుని కంది వేసి విసిగిపోయిన మనిషి. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఆంధ్రప్రదేశ్‌లో 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు పెట్టేందుకు 2024 నవంబరులో రిలయన్స్ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 65 వేల కోట్ల రూపాయలు. అంటే ఒక్కో ప్లాంటుకు 130 కోట్లు. 2025 ఏప్రిల్ 2న మంత్రి లోకేశ్ మా పక్కనే పీసీపల్లి మండలం దివాకరపల్లిలో తొలి ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి, గాలి సోకని ట్యాంకుల్లో పులియబెట్టి, వచ్చిన మీథేన్‌ను శుద్ధి చేసి వాహనాలకు వాడతారు. మిగిలిన ముద్ద సేంద్రియ ఎరువు. గ్యాస్ దిగుమతులు తగ్గుతాయి, వలస పోయే కుర్రాళ్లకు ఊళ్లోనే పని దొరుకుతుంది. ఇందులో కాదనడానికేమీ లేదు.

నా భయమల్లా నీళ్ల గురించే. నేపియర్ గడ్డిని ఏడాదిలో పలుమార్లు కోస్తారు. కోత బాగా రావాలంటే తడి ఉండాలి. మా వైపు బోరు నీళ్లు తక్కువ, ఉన్నవాటిలో ఫ్లోరైడ్.

నేనుంటున్న సహం ఒమన్‌లోని బాతినా తీరంలో ఉంది. ఇక్కడ ఖర్జూర తోటలను బావులే బతికించాయి. పంపులు వచ్చాక పశువుల మేతకు రోడ్స్ గడ్డి కూడా విస్తారంగా వేశారు. వాన కొద్ది, తోడింది ఎక్కువ. భూగర్భజలం దిగిపోయి సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొచ్చింది. ఉప్పుకు ఓర్చుకునే ఖర్జూరమే వాడిపోయిన తోటలు తీరం వెంట కనిపిస్తాయి. కొత్త బావులపై ప్రభుత్వం ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. పచ్చగా ఉన్నదల్లా పర్యావరణానికి మేలు చేయదని ఇక్కడే అర్థమైంది.

మనకూ ఒక అనుభవం ఉంది. 2003లో ప్రణాళికా సంఘం బయోడీజిల్ కోసం అడవి ఆముదం సాగును ప్రోత్సహించమంది. బీడు భూమిలో, నీళ్లు లేకుండా పండుతుందన్నారు. మొక్క బతికింది గానీ గింజ దిగుబడి గిట్టుబాటు కాలేదు. 2017 నాటికి 20 శాతం బయోడీజిల్ కలపాలన్న లక్ష్యం కాగితం మీదే మిగిలింది.

అలాగని బయోగ్యాస్ వద్దనడం లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పొలాల్లోనే తగలబెడుతున్న గడ్డి ఉంది, పట్టణాల్లో తడి చెత్త ఉంది, పశువుల పేడ ఉంది. వీటికి కొత్తగా నీళ్లు పెట్టక్కర్లేదు. ముందు వాటిని వాడి, చాలని మేరకే గడ్డి పెంచితే నష్టభయం తగ్గుతుంది.

చివరికి మా బావమరిదికి నాలుగు ప్రశ్నలు రాసి పంపాను. గడ్డికి నీళ్లు ఎక్కడివి? కొత్త బోర్లు వేస్తారా? ఎరువు మన చేనుకు తిరిగొస్తుందా? ప్లాంటు మధ్యలో ఆగితే కౌలు ఎవరిస్తారు? వీటికి కాగితం మీద జవాబు వస్తే సంతకం పెడదామన్నాను. ఊళ్లో భూమి ఉంచుకుని పరదేశంలో ఉంటున్న మనందరం ఈ మాట అడగాలి. కౌలు డబ్బు మన ఖాతాలో పడుతుంది. బోరు ఎండితే ఇబ్బంది పడేది మాత్రం అక్కడున్న మనవాళ్లే.