కాలనీ బాగోగుల కాంట్రాక్టు: కాపురముండే వారికి మాట ఉండాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ప్రభుత్వ ఇళ్ల కాలనీలలో ఇంటి లోపలి శుభ్రత ఇల్లాలు చూసుకుంటుంది. గడప దాటిన తరువాత ఎవరు చూడాలి? పూడిన మురుగు కాల్వ, ఖాళీ జాగాలో పెరిగిన పిచ్చిచెట్లు, నిండిన సెప్టిక్ ట్యాంకు, నీళ్లులేక ఎండిన మొక్కలు ఎవరి పని? వానాకాలం రాగానే దోమలు, జ్వరాలు ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెస్తాయి.

రెండు పడక గదుల ఇళ్ల పథకం 2015లో వచ్చింది. ఇంటి వైశాల్యం 560 చదరపు అడుగులు. గ్రామాల్లో ఒక్కో ఇంటికి 5.04 లక్షల రూపాయలు, రోడ్లు, కాల్వలు, నీరు వగైరా వసతులకు మరో 1.25 లక్షలు లెక్క కట్టారు. ఇది ఒకసారి కట్టడానికి అయ్యే ఖర్చు. ఏటేటా బాగోగులకు కావలసిన సొమ్ము ఇందులో లేదు. 2006లో మొదలైన పాత ఇందిరమ్మ కాలనీల సంగతీ ఇంతే. కట్టిన కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. భారం పంచాయతీ మీదో, మునిసిపాలిటీ మీదో పడుతుంది.

తక్కువ ధర, తక్కువ పని

పంచాయతీ సిబ్బందితో జరగని పనులను కాంట్రాక్టుకు ఇవ్వవలసి వస్తుంది. టెండరులో ఎవరు ఎక్కువ లెస్‌కు వేస్తే పని వారిదే. రోడ్డు పనిలో కంకర, సిమెంటు కొలవవచ్చు. కాల్వ ఎన్నిసార్లు తీశారో, తీసిన పూడికను గట్టునే వదిలారో, ట్రాక్టరులో తరలించారో కొలత పుస్తకం చెప్పదు. అది తెలిసేది ఆ కాల్వ పక్కన కాపురముండే వారికే. కానీ బిల్లు చెల్లించే ముందు వారిని అడిగే పద్ధతి లేదు.

పైగా ఈ పనిలో ఖర్చంతా కూలీదే. లెస్‌కు వేసిన కాంట్రాక్టరు మిగుల్చుకోవాలంటే కూలీ తగ్గించాలి, లేదా నలుగురు చేసే పనికి ఇద్దరిని పెట్టాలి. గ్రామాల్లో బహుళ ప్రయోజన కార్మికునికి 2019లో ఇచ్చిన నెల వేతనమే 8,500 రూపాయలు. 2023లో మరో వెయ్యి పెంచారు. ఇంతకన్నా తగ్గించి పని చేయించే కాంట్రాక్టరు వల్ల కాలనీకి గానీ, కార్మికునికి గానీ మేలు జరగదు. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. యంత్రం లేని వానికి ఆ పని ఇవ్వనేకూడదు.

చట్టంలో దారి ఉంది

రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చింది. రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలని అందులో ఉంది. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, చెట్ల పెంపకం, పనుల పర్యవేక్షణ కోసం గ్రామస్థులతో స్థాయీ సంఘాలు వేయాలనీ ఉంది. బడ్జెట్టులో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. పట్టణాల్లో 2019 మునిసిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ కమిటీలు ఉండాలి. ఈ సంఘాల్లో కాలనీ వారికి, ముఖ్యంగా ఆడవారికి చోటు దొరికితే సగం సమస్య తీరుతుంది.

2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్న పంచాయతీలకు 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. అడగడానికి ఇప్పుడు సర్పంచి ఉన్నారు, వార్డు సభ్యులు ఉన్నారు.

ఏమి అడగాలి?

టెండరు పిలిచే ముందే పనుల జాబితా గ్రామసభలో చదివి వినిపించాలి. కాల్వ నెలకు ఎన్నిసార్లు తీయాలి, పొదలు ఎప్పుడు కొట్టాలి, చెత్త ఎక్కడ పోయాలి అన్నవి అందులో రాయించాలి. ధరతో పాటు ట్రాక్టరు, మనుషులు, పాత పనుల తీరు కూడా చూడాలి. ఒప్పందం ఏడాదికే ఇవ్వాలి. కాలనీ వారిలో ఇద్దరు ముగ్గురు పని చూసి సంతకం చేశాకే బిల్లు కదలాలి. ఒప్పందం ప్రతి ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది.

కొత్తగా పంచాయతీలైన తండాల ఇబ్బంది వేరు. ఆదాయం కొద్ది, పని చిన్నది. కాంట్రాక్టరు అంత దూరం రాడు. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మారుమూల పల్లెల్లో నాలుగైదు పంచాయతీలు కలిసి ఒకే పనిగా పిలిస్తే గిట్టుబాటవుతుంది. ఊరి మహిళా సంఘానికే పని అప్పగించినా డబ్బు ఊళ్లోనే ఉంటుంది. అయితే ఆ సంఘం పనిని కూడా తనిఖీ చేయవలసిందే. మనవాళ్లని వదిలేస్తే కథ మొదటికి వస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకుని, నీటికి తలా కొంత చెల్లించి ఊరిని నడుపుకున్నారు. బ్రిటనులో ప్రభుత్వ ఇళ్లలో అద్దెకుండే వారు సంఘంగా ఏర్పడి నిర్వహణ తామే చేపట్టేందుకు 1994లో నిబంధనలు వచ్చాయి. మన దగ్గర అంత దూరం పోనక్కరలేదు. ఇల్లు ఉచితంగా వచ్చిందన్న మొహమాటంతో చాలామంది నోరు మెదపరు. కాల్వ తీయడానికి ఖర్చయ్యేది పంచాయతీ సొమ్ము. అందులో కాలనీ వారు కట్టే పన్ను కూడా ఉంది. వచ్చే గ్రామసభలో ఆ లెక్క అడగడం వారి హక్కు.