సంపాదకుని మాట: బ్రాంక్స్ నుంచి బోను దాకా

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520వ నంబరు భవనంలో జరిగిన పార్టీతో పేరుకెక్కిన జమైకా సంతతి డీజే కూల్ హెర్క్, ఒకే రికార్డు ప్రతులు రెండింటిని పక్కపక్క టర్న్‌టేబుళ్లపై మార్చిమార్చి తిప్పుతూ, పాట ఆగి డ్రమ్ముల దరువే మిగిలే ‘బ్రేక్’ అనే భాగాన్ని సాగదీయడం హిప్‌హాప్‌కు పునాది అయింది. 2018లో ర్యాపర్ కెండ్రిక్ లమార్‌కు దక్కిన పులిట్జర్ బహుమతి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో హిప్‌హాప్‌లో భాగమైన బ్రేకింగ్ నృత్యానికి దొరికిన చోటు గౌరవాలే కానీ, అవి ఈ కళ ప్రాణంతో ఉందనడానికి రుజువులు కావు; మ్యూజియంలోనూ గౌరవం దక్కుతుంది. అసలు రుజువు వేరే: వాడవాడనా వంతులవారీగా ఆశుకవిత్వం చెప్పుకునే ‘సైఫర్’ అనే వలయం ఇంకా నిలిచే ఉంది. మరో రుజువు కోర్టు బోనులో ఉంది: ర్యాప్ చరణాలను నిందితులపై సాక్ష్యంగా వాడే ధోరణిని కట్టడి చేయడానికి కాలిఫోర్నియా 2022లో చట్టమే చేయవలసివచ్చింది. ప్రాసిక్యూటర్లు ఇంత శ్రద్ధగా చదివే కవిత్వం మరొకటి ఈనాడు అరుదు.