శీతల గిడ్డంగులలో వాయువు మార్పిడి – సీళ్ల ఎంపిక

పంట కోత అనంతర నష్టాల నివారణపై జరిగే విస్తరణ శిక్షణలలో నిల్వ ఉష్ణోగ్రత, గాలిలో తేమ, విద్యుత్ ఖర్చులకు తగిన స్థానం లభిస్తున్నది. యంత్రంలోని శీతలీకరణ వాయువును పట్టి ఉంచే రబ్బరు సీళ్ల ప్రస్తావన మాత్రం అరుదు. ఆ వాయువు కారిపోయి గది వేడెక్కినప్పుడు నష్టపోయేది సరుకు నిల్వచేసిన రైతే.

1987 నాటి మాంట్రియల్ ఒప్పందం మేరకు ఓజోన్ పొరకు హానిచేసే ఆర్-22 వాడకం దశలవారీగా తగ్గుతున్నది. పాత యంత్రాలలో దానికి బదులు ఆర్-407సి నింపేటప్పుడు కంప్రెసర్‌లోని ఖనిజ తైలాన్ని తీసి పాలీయోల్ ఎస్టర్ తైలం పోస్తారు. సమస్య ఇక్కడే మొదలవుతుంది. పాత వాయువు, పాత తైలం రబ్బరులోకి ఇంకి సీలును ఉబ్బించి ఉంచుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ సీలు సాగే గుణాన్ని కోల్పోయినా, ఆ ఉబ్బు వల్లనే కీలు బిగువుగా నిలుస్తుంది. కొత్త వాయువు, తైలం వచ్చాక ఉబ్బు తగ్గి సీలు కుంచించుకుపోతుంది. అంతవరకు కారని కీలు కారడం మొదలవుతుంది. దీనిని కొత్త వాయువు లోపంగా భావించడం సరికాదు.

ఖరీదైన రబ్బరు వాడితే చాలుననుకోవడమూ పొరపాటే. మన దేశంలోని పెద్ద గిడ్డంగులలో విరివిగా వాడే అమ్మోనియానే ఉదాహరణగా తీసుకోవచ్చు. వేడికీ, తైలానికీ మేలైన ఫ్లోరో రబ్బరు అమ్మోనియాకు పనికిరాదు. ఈపీడీఎం రబ్బరు అమ్మోనియాను తట్టుకుంటుంది కాని ఖనిజ తైలంలో ఉబ్బి పాడవుతుంది. నియోప్రీన్ ఈ రెండింటినీ చాలావరకు తట్టుకుంటుంది. అందువల్ల వాయువు, తైలం, సీలు అనే మూడింటినీ కలిపి ఎంపిక చేయాలి. అమ్మోనియా విషవాయువు కనుక అక్కడ సీలు ఎంపిక కార్మికుల ప్రాణరక్షణకు సంబంధించిన విషయం కూడా.

సీళ్లన్నీ మార్చాలంటే కీళ్లు విప్పాలి, యంత్రం ఆపాలి, కూలి ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం ఉంది. అది నిజమే. అయితే సరుకు నిండుగా ఉన్నప్పుడు యంత్రం ఆగితే కలిగే నష్టం అంతకంటె పెద్దది. గది ఖాళీగా ఉండే కాలంలో ఈ పని చేయించి, నైట్రోజన్ పీడనంతో లీకులు పరీక్షించిన తరువాతనే కొత్త వాయువు నింపించాలి.

రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు శీతల గదులను సిఫారసు చేసే విస్తరణ శాస్త్రవేత్తలు వాయువు పేరుతోపాటు తైలం రకం, సీలు రబ్బరు రకం కూడా నిర్వహణ పుస్తకంలో నమోదు చేయించాలి. కోత అనంతర పరిజ్ఞానం చదివే విద్యార్థులకు ఈ అంశాన్ని ప్రయోగ పాఠంగా బోధించడం అవసరం.