చలికాలం గాలానికి చిటికెడు ఎర చాలు

కందుకూరు పిల్లలకు,

కార్తీకం దాటంగనే గాలాలు అటకెక్కిస్తున్నరని విన్న. చలికి చేప మేయదని మీరనే మాట సగమే నిజం. మేస్తది, కాకపోతే తక్కువ మేస్తది. మీరేమో వానకాలంల లెక్కనే నిమ్మకాయంత పిండి ముద్ద గుచ్చి, పొద్దంత కూసొని, చెరువును తిట్టుకుంట ఇంటికొస్తున్నరు.

మన ఒంట్లో పుట్టినట్టు చేప ఒంట్లో వేడి పుట్టదు. నీళ్లు ఎంత చల్లబడితే దాని ఒళ్లు అంత చల్లబడతది, అరుగుదల మందగిస్తది. మన జిల్లాల పుష్యమాసం రాత్రులు కొన్నిసార్లు 10 డిగ్రీల లోపుకు దిగుతయి. చేపలు పెంచేటోళ్లు కూడా ఈ నెలల్లో దాణా తగ్గిస్తరు. పైగా రవ్వకు, బొచ్చెకు, బంగారు తీగకు మనకున్నట్టు జీర్ణాశయమే లేదు. తిన్నది సీదా పేగులకు పోతది. ఆ పేగు నిదానించిన రోజుల్లో పెద్ద ముద్ద దొరికితే ఇగ ఆ పూటకు దానికి చాలు, మీ గాలం దిక్కు చూడదు. గాలం చుట్టూ దోసెడు దోసెడు మేత చల్లుడు కూడా గందుకే దండుగ.

చలికాలంల నా ఓటు ఎర్రలకే. పెంటకుప్ప అంచున, బోరు కాలువ పక్కన తడి ఆరని జాగల తవ్వితే దొరుకుతయి. డబ్బాల నీళ్లు పోయకుండ్రి, తడి మట్టి వేసి పెట్టుండ్రి. పెద్దదైతే సగానికి తుంచి చిన్న గాలానికి ఎక్కించి, కొస కొంచెం ఆడేటట్టు వదలాలె.

పిండే కావాలంటే పల్లి చెక్క తగ్గించుండ్రి. వానకాలం దానికి సాటి లేదు గానీ, చల్లటి నీళ్లల్ల నూనె చిక్కబడి వాసన పారదు. గోధుమ పిండిల పుట్నాల పొడి కలిపి, చెంచాడు బెల్లం నీళ్లతోని మెత్తగ పిసుకుండ్రి. మన చేన్ల పత్తి ఎట్లాగూ ఉంటది. చిటికెడు దూది పీచులు పీచులుగ విడదీసి అండ్ల కలిపితే ముద్ద గాలానికి పట్టుకుంటది. శనగ గింజంత చాలు, గాలం మొన మాత్రం కప్పేయొద్దు.

ఇదంత తాత పైత్యం అనుకునేరు. 12వ శతాబ్దంల కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన ‘మానసోల్లాసం’ల గాలం వేటకు ‘మత్స్యవినోదం’ అని ఒక అధ్యాయమే ఉన్నది. ఏ చేపకు ఏ మేత పెట్టాల్నో అండ్ల రాసిండ్రు. ఇంగ్లాండుల వాల్టన్ రాసిన పేరుమోసిన గాలం పుస్తకం వచ్చింది 1653ల. మనోళ్లు ఐదు వందల ఏండ్ల ముందే ఎర గురించి ఆలోచించిండ్రు.

తెల్లారుజామున పోయి వణుకుడు ఎందుకు? పొద్దెక్కినంక పోండ్రి, పగటీలి ఎండ తగిలిన లోతు తక్కువ జాగ చూసుకోండ్రి. శ్రీశైలం రోడ్డు మీద దిండి దాకా పోయేటోళ్లు పారే ధారల కాదు, ధార నెమ్మదించిన మడుగుల వెయ్యాలె. చలికి చేప ఊరికెనే ఒంట్ల సత్తువ ఖర్చు చేసుకోదు. బెండు బుడుంగున మునుగుతదని ఎదురుచూడకుండ్రి. కొద్దిగ వాలుతది, లేకుంటే ఒక దిక్కు జరుగుతది, అంతే. అదే పట్టు.

కొర్రమీను కథ వేరు. అది గాలి పీల్చుకోను పైకి రాక తప్పదు. ఎండ పూట గడ్డి పక్కన నీళ్లు కదిలిన చోటు గుర్తుపెట్టుకొని అక్కడ్నే ఎర వదలుండ్రి.

మూడు మాటలు గట్టిగ చెప్త. పట్నం దాటిన మూసీల చేప పట్టి తినకుండ్రి. అండ్ల పారేది ఊరి మురికి. చెరువు మీద హక్కు మత్స్య సహకార సంఘానిది. వాళ్లు చేపపిల్లలను వదిలి పెంచుకున్న చేప అది, అడగకుండ గాలం వెయ్యొద్దు. తెగిన నైలాన్ దారం గట్టున పారెయ్యకుండ్రి. అది కొంగ కాళ్లకు చుట్టుకుంటే ఊడదు, చుట్ట చుట్టి జేబుల వేసుకొని రాండ్రి.

మీ తాత