పట్టుచీర ఎరుపు: కంటికి తోడు కొలత

మన బరంపురంలో పెండ్లి అంటే పట్టుచీర, పట్టుజోడు మాట రాకుండా ఉంటుందా? ఆ మగ్గాల వెనుక తరతరాల తెలుగు నేతవారి శ్రమ ఉన్నది. అయితే పెండ్లి వీడియోలో అదే ఎర్రచీర మడతలు, కుంభపు అంచు కనబడక వట్టి ఎర్రముద్దగా తేలడం మనలో చాలమంది చూచినదే. కెమెరా మంచిది కాదేమో అనుకుంటాము. తరువాత రంగులు దిద్దేటప్పుడు ఎరుపును హద్దు దాటించినా ఇలాగే జరుగుతుంది.

ఈ పనిలో కన్ను ఒక్కటే సాక్ష్యానికి చాలదు. చీకటి గదిలో ఒక తీరుగా, వెలుతురులో మరొక తీరుగా చూస్తుంది; కాసేపటికి తప్పుకు కూడ అలవాటు పడుతుంది. కావుననే వీడియో సంకేతాన్ని కొలిచే స్కోపులు వచ్చాయి. ముఖ్యమైనవి మూడు. వేవ్‌ఫార్మ్ వెలుగును కొలుస్తుంది. వెక్టర్‌స్కోప్ రంగు ఎటు మొగ్గినదో, ఎంత చిక్కనిదో చెబుతుంది. మనిషి నలుపైనా తెలుపైనా చర్మపు వన్నె అందులో ఇంచుమించు ఒకే గీత దగ్గర నిలుస్తుంది. పెరేడ్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ వేరువేరుగా చూపుతుంది.

మరి మన చీరకు ఏది కావాలి? 1990లో ఆమోదం పొందిన రెక్ 709 ప్రమాణం ప్రకారం హెచ్.డి. వీడియో వెలుగులో ఎరుపు వంతు నూటికి 21 మాత్రమే. ఆకుపచ్చది 72, నీలానిది 7. అందుచేత ఎరుపు అంచుదాకా నిండిపోయినా, వెలుగును మాత్రమే కొలిచే వేవ్‌ఫార్మ్ ఇంకా చోటున్నదనే చెబుతుంది. దానిని నమ్మి ఇంకా పెంచితే మడతలు పోతాయి. పెరేడ్‌లోనైతే ఎరుపు పైహద్దుకు తగిలి చదునైపోవడం వెంటనే తెలుస్తుంది. కావున పట్టుచీరకు పెరేడే గతి.

ఈ వృత్తిలో దిగే మన పిల్లలు అప్పుచేసి విడియంత్రం కొననక్కరలేదు. డావిన్చి రిజాల్వ్ ఉచిత ప్రతిలోనే ఈ మూడూ ఉన్నాయి. టెలివిజన్ ప్రసారానికి పని చేసేవారికి మాత్రం, బయటికి పోయే సంకేతాన్నే కొలిచే విడి స్కోపు మేలు. చేతిలో పైకముంటే ముందు సరిగా సవరించిన తెరకు పెట్టాలి. స్కోపు సంకేతాన్ని కొలుస్తుందే గాని తెరను కొలవదు గదా!

ఒక్క హెచ్చరిక. చిత్రీకరణలోనే నిండి పొంగిన ఎరుపులోని మడతలను ఏ స్కోపూ తిరిగి తేలేదు. కెమెరా పట్టినప్పుడే వెలుగు కాస్త తగ్గించుకోవాలి.

పెండ్లి మళ్లీ చేయలేము. రేపు మనుమలు చూచేది ఆ వీడియోనే. కనుక తల్లులారా, పని ఒప్పగించే రోజునే అడగండి: "చీర ఎరుపును పెరేడ్‌లో చూస్తావా, నాయనా?"