తొలి అంతర్జాల సాహిత్య చర్చలు: రోమను లిపి మీది నింద

1990వ దశకంలో అంతర్జాలంలో సాగిన తెలుగు సాహిత్య చర్చల ప్రస్తావన పరిశోధనలో వచ్చినప్పుడల్లా ఒక తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. అవి రోమను లిపిలో రాసుకున్న ప్రవాసుల కాలక్షేపమనీ, వాటిలో క్రమం లేదనీ, చెప్పిందే చెప్పడం తప్ప వాదం ముందుకు నడవలేదనీ, అందువల్ల ఆధునిక విమర్శ చరిత్రలో వాటికి పాదసూచికకు మించిన చోటు అక్కరలేదనీ ఆ తీర్పు సారాంశం. ఇందులో పేర్కొన్న లక్షణాలు చాలావరకు ఉన్నవే. వాటికి చూపే కారణం మాత్రం తప్పు. ఆ గజిబిజిలో అధికభాగం రాసినవారి స్వభావం వల్ల పుట్టింది కాదు. వారి చేతికి అందిన పనిముట్ల వల్ల పుట్టింది.

యూజ్‌నెట్‌లోని తెలుగు వార్తాసమూహం నడిచిన కాలంలో జాబులు ఆస్కీ సంకేతావళిలోనే క్షేమంగా ప్రయాణించేవి. అందులో ఉన్నవి 128 స్థానాలు. తెలుగుకు ఒక్కటీ లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కినా, సామాన్యుల కంప్యూటరులో ఆ అక్షరాలు సరిగా కనబడడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితోపాటు గౌతమి ఖతి రావలసి వచ్చింది. నడుమ గడిచింది పదేళ్లు. ఆ పదేళ్లూ తెలుగులో మాట్లాడుకోదలచినవారు మౌనంగా ఉండాలి, లేదా రోమను లిపిని వంచి వాడుకోవాలి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద ప్రసిద్ధమైన ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతి ఈ అవసరం నుంచే వచ్చింది. ఆంగ్లంలో చక్కగా రాయగలిగినవారు ఇంత శ్రమపడి తెలుగు వర్ణభేదాలను నిలుపుకోవడానికి ప్రయత్నించడాన్ని మాతృభాష పట్ల ఉదాసీనతగా చదవడం విచిత్రం.

ఈ పద్ధతిలో ల-ళ, న-ణ, త-ట, ద-డ భేదాలు రోమను చిన్నబడి, పెద్దబడి అక్షరాల మీద ఆధారపడ్డాయి. చిన్న ‘టి’ రాస్తే తకారం, పెద్ద ‘టి’ రాస్తే టకారం. చర్చలను భద్రపరచిన వ్యవస్థల వెదుకులాటకు ఈ భేదం తెలియదు. వాటికి రెండూ ఒకటే. ఫలితంగా ‘పాట’ కోసం వెదికినవారికి ‘పాత’ కూడా వచ్చి పడుతుంది. ‘కోట’తో ‘కోత’, ‘మాట’తో ‘మాత’, ‘వేళ’తో ‘వేల’ కలిసిపోతాయి. పైగా అందరూ ఆ పద్ధతిని నేర్చుకున్నవారు కారు. ఒకే కవి పేరు నాలుగు వర్ణక్రమాలలో కనిపిస్తుంది. మూడేళ్ల కిందట ఒక పద్యం పాఠం మీద తేలిన విషయాన్ని కొత్తగా చేరిన సభ్యుడు వెదికి పట్టుకోలేడు. కనుక మళ్లీ అడుగుతాడు. ‘చెప్పిందే చెప్పడం’ అని విమర్శకులు ఈసడించేది చాలాచోట్ల ఇదే.

క్రమరాహిత్యానికీ ఇటువంటి కారణమే ఉంది. యూజ్‌నెట్‌లో జాబు ఒక సర్వరు నుంచి మరొకదానికి అంచెలంచెలుగా చేరేది. కొన్నిచోట్ల జవాబు ముందు వచ్చి ప్రశ్న తరువాత వచ్చేది. అందుకని జవాబు రాసేవారు పాత జాబునంతా ఎత్తిరాసి, దాని కింద తమ మాట చేర్చేవారు. ఎత్తిరాసిన ప్రతి పంక్తికీ ముందు ఒక బాణపు గుర్తు, దానికి జవాబు వస్తే రెండు, ఆపైన మూడు. పంక్తికి డెబ్బై పైచిలుకు అక్షరాలు దాటగానే మిగిలిన ముక్క కిందికి విరిగేది. సీసపద్యపాదాన్ని రోమనులో ఒకే పంక్తిగా రాస్తే ఆ హద్దు దాటిపోవడం మామూలే. యతిస్థానాన్ని గురించిన వాదంలో ఉదాహరించిన పాదమే విరిగి, బాణాల మధ్య చెల్లాచెదురైతే వాదం ఎట్లా నిలుస్తుంది? గురులఘువులను అక్షరాల కింద వరుసగా పేర్చినవారి శ్రమ, చదివేవారి తెర మీద ఖతి మారగానే వృథా అయ్యేది. తరువాత యాహూ గ్రూప్స్‌లో ‘రచ్చబండ’, ‘ఛందస్సు’ వంటి చర్చావేదికలు వచ్చినప్పుడు మరో చిక్కు వచ్చింది. జాబులన్నింటినీ ఒకే మూటగా తెప్పించుకునే సభ్యుడు ఆ మూటకే జవాబిస్తే, విషయ శీర్షిక పోయి మూట సంఖ్య మిగిలేది, చర్చ తెగిపోయేది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది మాండలిక పరిశోధనకు సంబంధించినది. చిత్తూరు జిల్లా పలుకుబడిలో ‘చేస్తా ఉండాడు’ అన్నప్పటి దీర్ఘం ప్రాణప్రదమైనది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథలు చదివినవారికి ఇది వివరించనక్కరలేదు. రోమనులో తొందరగా రాసేవారు దీర్ఘాన్ని చూపరు. ‘చేస్తా’, తెలంగాణపు ‘చేస్త’ ఒకే రూపంలో పడతాయి. ఆ జాబుల నుంచి పదాలు ఏరి ప్రాంతీయ ప్రయోగాల పట్టికలు వేసే పరిశోధకుడు భాషను లెక్కపెడుతున్నానని అనుకుంటాడు. నిజానికి లెక్కకు వచ్చేది మీటల పలక మీది బద్ధకం.

‘ప్రవాసుల వేదిక’ అన్న ముద్రను కూడా ఇదే దృష్టితో పరిశీలించాలి. విండోస్ 98లో తెలుగుకు తావు లేదు. ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపుల సౌకర్యం ఉన్నా, దాన్ని నెలకొల్పడానికి సీడీ కావాలి, యంత్రం మీద యజమాని అధికారం కావాలి. గంటకింత అని చెల్లించి నెట్ సెంటరులో కూర్చునే తిరుపతి విద్యార్థికీ, మదనపల్లె ఉపాధ్యాయుడికీ ఆ రెండూ ఎక్కడివి? వారు చర్చలో లేకపోవడాన్ని వారి అనాసక్తిగానో, ప్రవాసుల ఆధిపత్యంగానో వ్యాఖ్యానించే ముందు తలుపు ఎంత ఇరుకుగా ఉందో కొలిచి చూడాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. తమిళులకూ అవే యంత్రాలు కదా, వారు టిస్కీ అనే ఉమ్మడి సంకేతావళిని చర్చించి రూపొందించుకోలేదా? రూపొందించుకున్నారు. తమిళానికి తెలుగులో వలె ఒత్తుల బాహుళ్యం లేదు. మిగిలిన 128 స్థానాలలో ఆ లిపి ఇమిడింది. అయినా ఈ ఆక్షేపణలో సగం నిజం ఉన్నదని ఒప్పుకోవాలి. తెలుగు దినపత్రికలు, ఖతుల తయారీదారులు ఎవరి సంకేతాలు వారు పెట్టుకున్నారు. ఒక ఖతిలో రాసింది మరొక ఖతిలో అర్థంలేని గీతలయ్యేది. ఆ తప్పు యంత్రానిది కాదు. జాబులు రాసిన సభ్యులదీ కాదు.

తాళపత్రాల విషయంలో తెలుగు పరిశోధన ఎంత ఓర్పు చూపిందో గుర్తుచేసుకుంటే ఈ అన్యాయం స్పష్టపడుతుంది. వాటిలో ఎ-ఏ, ఒ-ఓ భేదం చాలాచోట్ల కనిపించదు. పదాల మధ్య ఎడం ఉండదు. పద్యం పాదాలుగా విరగదు. అంతమాత్రాన ఆ గ్రంథాలను ఎవరూ కాలక్షేపం అనలేదు. పరిష్కర్తలు ప్రతులను పోల్చి, లేఖకదోషాలను వేరుచేసి, పాఠాన్ని నిలబెట్టారు. తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థ చేసిన పని అదే. తిరుమల సంకీర్తన భాండారంలోని రాగిరేకులను వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు పరిష్కరించడం వల్లనే అన్నమయ్య పదాలు నేడు రేకు సంఖ్యతో, రాగం పేరుతో ఉదాహరించడానికి అందుతున్నాయి. అదే విద్యను రోమను జాబులకు వర్తింపజేయడానికి అడ్డమేమిటి? ఏ జాబు దేనికి జవాబో నిర్ణయించడం, విరిగిన పాదాలను అతకడం, ఒకే రచయిత వర్ణక్రమపు అలవాటును గుర్తించి దీర్ఘాలను పునరుద్ధరించడం పరిష్కర్త పనులే. పుట సంఖ్య లేదన్న కారణంతో ఈ ఆధారాలను సిద్ధాంత వ్యాసాల నుంచి తొలగించమనే ఆచారం పాండిత్యం అనిపించుకోదు.

ఆలస్యానికి వెల చెల్లించడం అప్పుడే మొదలైంది. వార్తాసమూహాల పాత జాబులు 2001లో గూగుల్ చేతికి వెళ్లి కొంతవరకు బతికాయి. యాహూ తన గ్రూపుల నిల్వలను తొలగించనున్నట్టు 2019లో ప్రకటించి, 2020 డిసెంబరు 15న వాటిని పూర్తిగా మూసివేసింది. అక్కడి చర్చలలో ఎవరూ దింపుకొని దాచని భాగం ఇక సభ్యుల సొంత తపాలాపెట్టెలలో ఎంత ఉంటే అంతే. ఆ సభ్యులు చాలామంది ఇప్పుడు వయసు మళ్లినవారు. తెలుగు శాఖలు వారికి ఉత్తరాలు రాసి, అనుమతి తీసుకొని, ఆ పెట్టెలను ఉన్నవి ఉన్నట్టుగా, వర్ణక్రమం దిద్దకుండా, సేకరించాలి. సేకరించిన వాటిని అను ఖతులలో మళ్లీ కూర్చి అచ్చువేస్తే మాత్రం, వెదకడానికి వీలులేని మరో రాశి తయారవుతుంది.