బెజవాడ - విశాఖ విమానయానము

విజయవాడకును విశాఖపట్టణమునకును నడుమ విమానయానము గంట పనియని టిక్కెట్టుపై వ్రాసియుండును. ఆ మాట అబద్ధము కాదు గాని నిజములో సగము మాత్రమే. గన్నవరమునుండి విశాఖకు ఆకాశమార్గమున సుమారు 290 కిలోమీటర్లు. రైలు మార్గమున 350. నేల విడిచిన విమానము ముప్పాతిక గంటలో దిగవచ్చును. కాని బెజవాడవారు గన్నవరమునకు 20 కిలోమీటర్లు పోవలెను. కౌంటరు మూయుటకు ముందే చేరవలెను. దిగినపిదప సామానునకై వేచి, మరల ఊరిలోనికి పోవలెను. అన్నియు కూడిన గంట కాస్త నాలుగు గంటలగును. నగరమునకు సుమారు 45 కిలోమీటర్ల దూరముననున్న భోగాపురపు నూతన విమానాశ్రయమునుండి లెక్కించినచో ఇంకను పెరుగును. 2023 జనవరిలో ప్రారంభమైన వందేభారత్ రైలు ఈ దూరమును దాదాపు నాలుగు గంటలలోనే గడచుచున్నది.

అట్లయిన ఈ విమానము మనకు అక్కరలేదందుమా? అది మా అభిప్రాయము కాదు. ఇచ్చట చూడవలసినది దూరము కాదు, వేళ. నేలపాడులోని హైకోర్టునకో, వెలగపూడి సచివాలయమునకో రావలసిన విశాఖవాసికి ప్రొద్దున బయలుదేరి, పని ముగించుకొని, రాత్రి భోజనమునకు ఇల్లు చేరు వీలు కావలెను. ప్రొద్దుగూకిన పిమ్మట వచ్చి తెల్లవారి మరలిపోవు విమానము అతనికి హోటలు ఖర్చునే మిగుల్చును. నేరు విమానము దొరకనినాడు హైదరాబాదు మీదుగా పోవలసివచ్చును: అటు 265, ఇటు 510, వెరసి 775 కిలోమీటర్లు! ముక్కును తలచుట్టు త్రిప్పి పట్టుకొనుట యనగా ఇదియే.

కేంద్రప్రభుత్వపు ఉడాన్ పథకమున మొదటి విమానములు 2017 ఏప్రిల్ 27న బయలుదేరినవి; వానిలో కడప - హైదరాబాదు ఒకటి. మూడేండ్లు నష్టపరిహారమిచ్చిన చాలు, పిమ్మట మార్గము తనంతట నిలుచునని తలచిరి. 2023 నాటి కాగ్ నివేదిక ప్రకారము 774 మార్గములలో 403 ఆరంభమే కాలేదు. ఆరంభమైనవానిలో మూడేండ్లు నిండినవి 112. ఆపై 2023 మార్చి నాటికి నిలిచినవి 54. ప్రయాణికులు లేనిచోట ధనము గ్రుమ్మరించిన ఫలమిట్లుండును.

మన మార్గమునకు ప్రయాణికుల కొరత లేదు; లోపము వేళలోనే యున్నది. కంపెనీలు తమ పెద్ద విమానములు ఇతర నగరములకు పోవు నడుమ దొరకిన తీరికలో దీనిని నడుపును. ఆ తీరిక మన అవసరముతో కలియునని ఎవరు చెప్పగలరు? ఇంత దగ్గరి మార్గమునకు డెబ్బదిమంది పట్టు ఏటీఆర్ విమానమే తగినది. పెద్ద జెట్టు పైకెక్కి నిలుకడగొనులోపలనే దిగవలసియుండును.

గన్నవరపు రన్‌వే 3,360 మీటర్లకు పెరిగినది. అందులకు పొలములిచ్చినవారు ఆ చుట్టుపట్ల రైతులు. రాష్ట్రప్రభుత్వము ఖాళీ సీట్లకు పరిహారమిచ్చుట మాని, ఉదయమొకటి, సాయంకాలమొకటి, ఉభయ నగరములనుండియు విమానములు కదలునట్లు వేళలనుబట్టి సొమ్ము చెల్లించు ఒడంబడిక వ్రాయించుకొనవలెను. వేళ తప్పిన దినమున సొమ్ము కోయవలెను. ఆ లెక్కలను ఏటేట శాసనసభ ముందుంచవలెను.